తెర రెండోసారి ఎత్తినప్పుడు

మొన్న మే నెలలో మా అక్క కూతురి పెళ్లిలో అడ్డుతెర ఒక అంచు నేను పట్టుకున్నాను. రెండో అంచు పెళ్లికొడుకు మేనత్తగారు పట్టుకున్నారు. ముహూర్తం ఉదయం 10 గంటల 48 నిమిషాలకి. పంతులుగారు మంత్రం అందుకున్నారు, పిల్లలిద్దరూ ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు, గట్టిమేళం మోగింది, తెర దించాం. మా పిల్ల కళ్లెత్తి అబ్బాయిని చూసింది. కళ్ల నిండా నీళ్లు.

"ఆంటీ, ఫోకస్ మిస్సయింది, తెర ఇంకొక్కసారి పైకెత్తండి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఎత్తాం. నేనే ఎత్తాను. "ఇప్పుడే మొదటిసారి చూసినట్టు కాస్త నవ్వండి" అని పిల్లలకి చెప్పాడు. నవ్వారు. ఆల్బమ్‌లో ఉన్నది ఆ నవ్వే. కన్నీళ్లు ఎక్కడా లేవు. పైగా అదే సమయంలో మండపం వెనక ఎల్ఈడీ స్క్రీన్ మీద వాళ్ల ప్రీ వెడ్డింగ్ వీడియో తిరుగుతోంది. కింద ఇద్దరి మధ్య తెర, పైన ఇద్దరూ పూలతోటలో చేతులు పట్టుకుని పరుగు. వచ్చినవాళ్లలో సగంమంది అటే చూస్తున్నారు.

ఇక్కడ డల్లాస్‌లో మా తెలుగువాళ్ల అసోసియేషన్ వేసవి పిక్నిక్‌లో ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన వెంటనే అందుకున్నారు. మనవాళ్లెవరూ ఈ ప్రీ వెడ్డింగ్ షూట్‌లు చేయించకూడదని అసోసియేషన్ తరఫున తీర్మానం పెడదామన్నారు. "మన రోజుల్లో పెళ్లికి ముందు ఫొటోలు ఎరుగుదుమా?" అన్నారు. చాలామంది తలలూపారు. నేను ఊపలేకపోయాను.

ఎందుకు ఎరగం? 1993లో తెనాలిలో మా నాన్న నన్ను స్టూడియోకి తీసుకెళ్లారు. వెనక మెట్లూ కొలనూ గీసిన పరదా, పక్కన స్టూలు మీద ప్లాస్టిక్ పూలు. మెడలో మా పెద్దమ్మ కాసులపేరు. గడ్డం కొంచెం పైకెత్తమ్మా, కొంచెం దించమ్మా అంటూ అరగంట నిలబెట్టారు. ఆరు కాపీలు కడిగించి, ఒక్కోదాని వెనక నాన్న తన గుండ్రటి అక్షరాలతో రాశారు: 5 అడుగుల 2 అంగుళాలు, బి.కాం., రోహిణి నక్షత్రం. ఆ ఫొటోలు పెళ్లిళ్ల పేరయ్య సంచిలో ఎన్ని ఊళ్లు తిరిగాయో నాకు తెలియదు. మూడు తిరిగి రాలేదు. వచ్చినవాటిలో ఒకదాని మీద టీ గ్లాసు పెట్టిన మరక ఉంది. నలుపో చామనఛాయో తేల్చుకోవడానికి ఎవరో కిటికీ దగ్గర పట్టుకుని చూసి ఉంటారని ఇప్పటికీ అనిపిస్తుంది. అదీ పెళ్లికి ముందు ఫొటోనే. కాకపోతే అందులో ఆడపిల్ల ఒక్కతే ఉండేది.

ఇప్పుడు ఇద్దరూ ఇష్టపడి, ఇద్దరూ కలిసి నిలబడుతున్నారు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు.

మా పిల్ల షూట్‌కి నేను కూడా వెళ్లాను, పిన్నీసులూ ఇస్త్రీ చేసిన చీరలూ పట్టుకుని. డల్లాస్‌కి దక్షిణాన ఎన్నిస్ ఉంది కదా, ఏప్రిల్‌లో బ్లూబానెట్లనే నీలం పూలు విరగబూసేచోటు. పాములుంటాయేమో చూసుకుని పూలలోకి దిగమని హెచ్చరిస్తూ వెంట నడిచాను. అమ్మాయి ఉద్యోగం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, అబ్బాయిది ఇక్కడ. నిశ్చితార్థం అయ్యాక ఆర్నెల్లలో వాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కలిసి గడిపింది ఆ ఒక్కరోజే. మధ్యాహ్నం కారు డిక్కీలో కూర్చుని పులిహోర తింటుంటే, పిల్లకి మిరపకాయ తగిలిందని అబ్బాయి తన సీసాలో నీళ్లిచ్చాడు. కెమెరా అప్పుడు సంచిలో ఉంది.

కానీ ఆ రోజు ఇంకొకటి కూడా చూశాను. ఒక్క చూపుకి పదకొండు టేకులు. "వన్ మోర్" అంటే చాలు, పిల్లలు మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లి మళ్లీ నడిచి వచ్చేవారు. పూలతోటలో అది సరదా. ఆ అలవాటే నెల తర్వాత మండపంలోకి వచ్చింది. పంతులుగారూ ఆగారు, పిల్లలూ ఆగారు, నా చెయ్యీ దానంతటదే పైకి లేచింది.

హైదరాబాద్‌లో 2023లో ఒక పోలీసు జంట పంజాగుట్ట స్టేషన్ దగ్గర, డిపార్ట్‌మెంట్ వాహనాలతో షూట్ చేసుకుంటే పెద్ద గొడవైంది. అప్పటి కమిషనర్ సి.వి. ఆనంద్ వాళ్లను దీవించాలని ఉందంటూనే, అనుమతి లేకుండా ఇంకెవరూ ఇలా చేయొద్దన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. పిల్లల సంబరాన్ని తిట్టలేదు, హద్దు మాత్రం చూపించారు.

అందుకే తీర్మానాలు వద్దండీ. ఎన్నిస్ వెళ్లనివ్వండి, గోల్కొండ వెళ్లనివ్వండి, డ్రోన్లు ఎగరేసుకోనివ్వండి. ఆ వీడియో సంగీత్ రాత్రి వేయండి, నేనూ ముందు వరసలో కూర్చుని ఈల వేస్తాను. పెళ్లిచేసే తల్లిదండ్రులకి మాత్రం చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను: గౌరీపూజ మొదలయ్యాక స్క్రీన్ ఆపించండి. ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడుకునేటప్పుడు డబ్బుల మాటకంటే ముందు తెర మాట చెప్పండి. తెర దిగేది ఒక్కసారే, ఫొటో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. పంతులుగార్లకీ అదే మనవి. ఎవరడిగినా ఆగకండి, మీరు ఆగకపోతే మేమూ ఆగం.

నవంబర్‌లో మా అబ్బాయి పెళ్లి. తెర పట్టుకోవడానికి మా అక్క కూతుర్ని రమ్మన్నాను. ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిన్నీ, ఈసారి ఎవరు చెప్పినా ఎత్తను" అంది.