ముందు కాగితం పంపమనండి

అమెరికాలోని మన తెలుగు అసోసియేషన్ సభల్లో వీసాల మీద సదస్సు పెడతాం, పన్నుల మీద పెడతాం, ఇల్లు కొనడం మీదా పెడతాం. అప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఎవరికి ఎంత బాకీ ఉందోనని పక్కవాళ్ళు లెక్కలు వేస్తారని భయం. ఈ మౌనాన్ని పెట్టుబడిగా పెట్టుకుని ఒక దొంగ వ్యాపారం సాగుతోంది. చేయని అప్పు చేశావని ఫోన్ చేయడం, అరెస్టు అని బెదిరించడం, గంటలో డబ్బు గుంజుకుని మాయమవడం. వీళ్ళ చేతికి చిక్కినవాళ్ళలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్నారు. చదువు వాళ్ళను కాపాడలేకపోయింది. ఈ దేశపు చట్టం తమకు ఏ హక్కులు ఇచ్చిందో ఒక్కరు చెప్పి ఉంటే కాపాడేది.

ఆ ఫోన్ ఎలా ఉంటుందో చూడండి. డాలస్ పక్క ఊళ్ళో ఎంఎస్ చదువుతున్న ఖమ్మం కుర్రాడికి శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అవతలి మనిషి పూర్తి పేరు చదివాడు, అపార్ట్‌మెంట్ నంబరు చెప్పాడు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పాడు. ‘మూడేళ్ళ కిందట ఆన్‌లైన్లో పేడే లోన్ (జీతం రాగానే తీర్చాల్సిన చిన్న అప్పు) తీసుకుని ఎగ్గొట్టావు. డాకెట్ (కోర్టు కేసు) నంబరు రాసుకో. ప్రాసెస్ సర్వర్ (కోర్టు కాగితాలు అందించే మనిషి) ఇప్పుడే నీ యూనివర్సిటీకి బయల్దేరుతున్నాడు. సాయంత్రం ఐదు లోపు సగం కట్టేస్తే ఫైలు మూసేస్తాం, లేకపోతే నీ స్టేటస్ (వీసా హోదా) గురించి ఇమిగ్రేషన్‌కు కూడా రిపోర్టు వెళ్తుంది’ అన్నాడు. మూడేళ్ళ కిందట ఈ అబ్బాయి ఖమ్మంలో బీటెక్ చదువుతున్నాడు, అమెరికా వీసా కూడా లేదు. ఆ సంగతి ఆ క్షణంలో అతనికే గుర్తు రాలేదు. ఫోన్ చెవిన పెట్టుకునే, డబ్బు కట్టడానికి వాడు అడిగిన గిఫ్ట్ కార్డుల కోసం చెప్పులు వేసుకుంటుంటే రూమ్మేట్ ఆపాడు. ‘ఆ కంపెనీ పేరు, అడ్రసు అడుగు. లెటర్ పోస్టులో పంపమను’ అన్నాడు. ఆ రెండు ముక్కలు అనగానే అవతలివాడు బూతులకు దిగి ఫోన్ పెట్టేశాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటాం. మన పిల్లలు గుమ్మడికాయ ముట్టకుండానే భుజాలు తడుముకుంటున్నారు. అందుకు కారణాలున్నాయి. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల ఆగడాలు అందరం చూశాం. వేల రూపాయల అప్పుకు ఫోన్లో ఉన్న కాంటాక్టులన్నింటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు, అవి భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. అప్పు వసూలు చేసేవాడు ఏమైనా చేయగలడన్న నమ్మకం అక్కడి నుంచే మన వెంట వచ్చింది. దానికి తోడు ఇమిగ్రేషన్ భయం. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో ఎందరో తెలుగు పిల్లలు అరెస్టయ్యారు. ‘నీ స్టేటస్’ అన్న మాట వినపడగానే ఏ విద్యార్థికైనా కాళ్ళు వణకడంలో వింత లేదు.

కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పాలి. క్రెడిట్ కార్డు బాకీ, ఆసుపత్రి బిల్లు, పేడే లోన్ ఇవన్నీ ఈ దేశంలో సివిల్ వ్యవహారాలు. అప్పు తీర్చలేదని మనిషిని జైల్లో పెట్టే పద్ధతిని ఫెడరల్ చట్టం 1833లోనే తీసేసింది. బాకీ రాబట్టుకోవాలంటే కోర్టులో దావా వేయాలి, తీర్పు తెచ్చుకోవాలి. ‘గంటలో పోలీసులు వస్తారు’ అన్నవాడు ఆ మాటతోనే దొరికిపోయినట్టు. నిజమైన కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే కంపెనీ) ఆ మాట అన్నా చట్టం తప్పినట్టే.

మన వివరాలన్నీ వాడికెలా తెలుసని చాలామంది అడుగుతారు. 2017లో జనం అప్పుల చరిత్ర భద్రపరిచే ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో నుంచి దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, వాటిలో సోషల్ సెక్యూరిటీ నంబర్లూ ఉన్నాయి. అలాంటి లీకులు ఆ తర్వాత ఎన్నో జరిగాయి. ఆన్‌లైన్లో పేడే లోన్‌కు అప్లికేషన్ నింపి, తీసుకోకుండా వదిలేసినవాళ్ళ వివరాలు కూడా చేతులు మారుతుంటాయి. 2012లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలాంటి ముఠా మీద కోర్టుకు వెళ్ళింది. ఫోన్లు చేసింది భారతదేశంలోని కాల్ సెంటర్ల నుంచి, వసూలు చేసింది లేని పేడే లోన్ల మీద, మొత్తం 50 లక్షల డాలర్లకు పైనే. 2016లో ముంబయి పక్కన మీరా రోడ్డులో పోలీసులు దాడి చేసిన కాల్ సెంటర్లు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పేరు చెప్పి ఇదే పని చేశాయి. అహ్మదాబాద్ కాల్ సెంటర్లతో కలిసి పనిచేసిన మరో ముఠా కేసులో 2018లో హ్యూస్టన్ కోర్టు అమెరికాలో ఉన్న 24 మందికి శిక్షలు వేసింది, ఒకడికి 20 ఏళ్ళు పడింది. వీళ్ళ చేతుల్లో నష్టపోయినవాళ్ళలో అమెరికన్ ముసలివాళ్ళూ ఉన్నారు, మనలాగా వలస వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ కథలో మన దేశపు పేరు ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే మనం ఇంకా ఎక్కువ మాట్లాడాలనుకుంటాను.

ఇప్పుడు హక్కుల సంగతి. 1977లో వచ్చిన ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ (అప్పుల వసూళ్ళకు హద్దులు పెట్టే చట్టం) ఈ వ్యవహారాలకు మూలం. 2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న రెగ్యులేషన్ ఎఫ్ దానికి వివరమైన నిబంధనలు చేర్చింది. మీకు అప్పు ఇచ్చిన బ్యాంకుకు కాక, ఆ బాకీని వసూలుకు తీసుకున్న లేదా కొనుక్కున్న కంపెనీలకు ఇవి ముఖ్యంగా వర్తిస్తాయి. మనవాళ్ళకు బొత్తిగా తెలియని సంగతి ఇంకొకటుంది. ఈ హక్కులు అప్పు లేనివాళ్ళకు మాత్రమే కాదు. నిజంగా బాకీ పడ్డవాడికీ అంతే హక్కులున్నాయి. ‘తీసుకున్నాను కదా, వాడు తిడితే పడాలి’ అనుకోవాల్సిన పని లేదు.

అన్నింటికన్నా పదునైన హక్కు వాలిడేషన్ నోటీసు, అంటే అప్పు వివరాలు రాసిచ్చే కాగితం. కలెక్టర్, అంటే అప్పు వసూలు చేసేవాడు, మొదటిసారి మాట్లాడినప్పుడే ఈ వివరాలు ఇవ్వాలి, లేదా ఆ రోజు నుంచి ఐదు రోజుల్లోపు పంపాలి. అందులో కలెక్షన్ కంపెనీ పేరు, పోస్టల్ అడ్రసు, అసలు ఎవరికి బాకీ అన్నది, ఖాతా నంబరులో కొంత భాగం, ఒక తేదీ నాటికి ఎంత ఉంది, ఆ తర్వాత వడ్డీ ఎంత చేరింది, ఫీజులు ఎన్ని, కట్టింది ఎంత, ఇవాళ ఎంత అన్న లెక్క వరుసగా ఉండాలి. ఏ తేదీలోపు అభ్యంతరం చెప్పవచ్చో రాసి ఉండాలి. కింద చింపి పంపడానికి ఒక ఫారం ఉంటుంది, ‘ఇది నా అప్పు కాదు’, ‘చూపిన సొమ్ము లెక్క తప్పు’ అని టిక్కు పెట్టే గడులతో. నోటీసు అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆధారాలు పంపేదాకా వాళ్ళు వసూలు ప్రయత్నం ఆపాల్సిందే. ఆ ఉత్తరం సర్టిఫైడ్ మెయిల్లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. నకలు దాచుకోండి. ఫోన్లో ఎంత గట్టిగా వాదించినా దానికి ఈ బలం రాదు.

దొంగ ఈ కాగితం మీకు పంపడు. పంపితే అడ్రసు ఇవ్వాలి, లెక్క చూపాలి, ముప్పై రోజులు ఆగాలి. వాడి వ్యాపారం నడిచేది ‘సాయంత్రం ఐదు లోపు’ అన్న గడువు మీద. ఒక్కోసారి ఈమెయిల్లో కోర్టు ముద్రతో ఏదో పీడీఎఫ్ పంపుతాడు. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. కంపెనీ పేరు మీరే వెతికి, మీ రాష్ట్రంలో దానికి లైసెన్సు ఉందేమో చూడండి. టెక్సాస్‌లో అయితే బయటి కలెక్టర్లు సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర 10,000 డాలర్ల బాండు (పూచీకత్తు) దాఖలు చేయాలి. ఫోన్లో కనిపించే నంబరును మాత్రం నమ్మకండి, అది ఎవరిదైనా కనపడేలా చేయవచ్చు.

మిగతా నియమాలు క్లుప్తంగా చెప్తాను. ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేయకూడదు. ఒక అప్పు గురించి ఏడు రోజుల్లో ఏడు సార్లకు మించి చేస్తే వేధింపు కింద లెక్కేస్తారు. ఆఫీసులో ఒప్పుకోరని చెప్పాక అక్కడికి చేయకూడదు. మీ రూమ్మేట్‌కో బంధువుకో చేసి మీ ఆచూకీ అడగవచ్చు గానీ, అప్పు సంగతి చెప్పకూడదు. పోలీసుననో, ప్రభుత్వ మనిషిననో, లాయర్ కాకుండా లాయర్‌ననో చెప్పుకోకూడదు. ఇక నాతో మాట్లాడవద్దని ఉత్తరం రాస్తే ఆగాలి. అయితే దాంతో అప్పు పోదు, దావా వేసే హక్కూ పోదు. వీటిని మీరితే ఏడాదిలోపు మీరే వాళ్ళ మీద కోర్టుకు వెళ్ళవచ్చు. నష్టం రుజువు చేయలేకపోయినా 1,000 డాలర్ల దాకా, పైగా లాయర్ ఫీజూ రాబట్టుకునే వీలుంది. ఐఆర్‌ఎస్ కూడా కొన్ని పాత బాకీలను ప్రైవేటు ఏజెన్సీలకు ఇస్తుంది గానీ, ముందుగా సీపీ40 అనే నోటీసు పోస్టులో వస్తుంది. గిఫ్ట్ కార్డు మీద వసూలు చేసే ప్రభుత్వ శాఖ అంటూ ఏదీ లేదు.

మన కుటుంబాల్లో అసలు చిక్కు వేరే చోట ఉంది. మనవడినో మనవరాలినో చూడటానికి అమ్మానాన్నలు వస్తారు. నాన్నగారు మెట్ల మీద జారుతారు, ఎమర్జెన్సీకి తీసుకెళ్తాం. విజిటర్ ఇన్సూరెన్స్ కొంత కడుతుంది, కొంత కట్టదు. ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టర్ల గ్రూపుది ఒకటి, ఎక్స్‌రే చదివినవాళ్ళది ఒకటి, అంబులెన్సుది ఇంకొకటి విడివిడిగా వస్తాయి. ఆయన విజయవాడ వెళ్ళిపోయిన ఆరు నెలలకు కొడుక్కి ఫోన్ వస్తుంది. వైద్యం నిజంగానే జరిగింది కాబట్టి ఇది దొంగ ఫోనని తేల్చడం కష్టం. ఇక్కడే మనవాళ్ళు ‘పోనీలే, ఎంతో కొంత కట్టేస్తే తలనొప్పి వదులుతుంది’ అంటారు. దయచేసి అలా చేయకండి. పాత బిల్లు మీద ఉన్న నంబరుకు చేసి, ఈ బాకీ ఎవరికి అప్పగించారో ఆసుపత్రి బిల్లింగ్ వాళ్ళనే అడగండి. ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసినది) తెప్పించుకుని, ఇన్సూరెన్స్ పంపిన ఈవోబీతో (వాళ్ళు ఏది కట్టారో, ఏది కట్టలేదో చెప్పే కాగితంతో) వరుసవరుసగా సరిపోల్చండి. ఇంకో మాట, నాన్నగారి బిల్లుకు కొడుకు మామూలుగా బాధ్యుడు కాడు, ఆసుపత్రిలో గ్యారంటర్‌గా సంతకం పెట్టి ఉంటే తప్ప. పెన్సిల్వేనియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల పోషణకు పిల్లలను బాధ్యులను చేసే చట్టాలున్నాయి కాబట్టి అక్కడివాళ్ళు లాయర్‌ను అడగడం మేలు. తండ్రి బాకీ కొడుకు తీర్చాలన్నది మనం గౌరవించే ధర్మమే. కట్టదలుచుకుంటే కట్టండి, కానీ నిజమైన బాకీని, నిజమైన మనిషికి, లెక్క చూసి కట్టండి.

‘ఎంతో కొంత’ కట్టడంలో ఇంకో ప్రమాదముంది. పాత అప్పులకు కాలదోషం పడుతుంది, అంటే దావా వేసే గడువు దాటిపోతుంది. ఆ గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో నాలుగేళ్ళు, న్యూజెర్సీలో ఆరేళ్ళు. గడువు దాటిన అప్పు మీద దావా వేయడం గానీ, వేస్తామని బెదిరించడం గానీ కలెక్టర్లకు నిషేధం. కానీ కొన్ని రాష్ట్రాల్లో పది డాలర్లు కట్టినా, ‘అవును, నాదే’ అని రాసిచ్చినా ఆ గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇక దొంగకు ఒకసారి కడితే మీ పేరు ‘కట్టే మనిషి’ జాబితాలోకి చేరుతుంది. మళ్ళీ మళ్ళీ ఫోన్లు వస్తాయి.

ఇదంతా చదివి, వచ్చిన ప్రతి కాగితాన్నీ దొంగదని చెత్తబుట్టలో వేయకండి. నిజంగా కోర్టు సమన్లు వస్తే, కోర్టు క్లర్కుకు మీరే వెతికిన నంబరులో ఫోన్ చేసి కేసు నంబరు సరిచూసుకుని, అందులో రాసిన గడువులోపు జవాబు దాఖలు చేయండి. జవాబివ్వకపోతే అవతలివాళ్ళకు ఏకపక్షంగా తీర్పు వస్తుంది. ఆ తర్వాత జీతంలోంచో బ్యాంకు ఖాతాలోంచో పట్టుకునే దారి దొరుకుతుంది. అప్పు మీది కాకపోయినా అంతే.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఆ రోజే బ్యాంకుకో, గిఫ్ట్ కార్డు కంపెనీకో చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ వెనక్కి వచ్చే ఆశ తగ్గుతుంది. మీ పేరు మీద ఇంకెవరూ కొత్త అప్పు తీసుకోకుండా మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ మీ క్రెడిట్ రిపోర్టును ఫ్రీజ్ చేయడం ఉచితం. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3కి, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకు ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు ఇస్తే వీసాకు ఏమవుతుందోనని వెనకాడేవాళ్ళున్నారు. మోసపోవడం నేరం కాదు, దాన్ని చెప్పుకోవడం అంతకన్నా కాదు.

అసోసియేషన్ పెద్దలను నేను అడిగేది చిన్నదే. ఆగస్టులో కొత్త విద్యార్థులకు స్వాగత సభ పెడతాం కదా, అందులో ఈ విషయానికి అరగంట ఇవ్వండి. అభ్యంతరం తెలిపే ఉత్తరం, ఫోన్లు ఆపమనే ఉత్తరం, ఈ రెండింటి నమూనాలూ పక్కన తెలుగు వివరణతో వచ్చే సంచికలో అచ్చు వేయండి. తెలుగు రాయడం నేను చేసి పెడతాను, మన సభ్యుల్లో ఉన్న లాయర్లు ఒకసారి సరిచూస్తే చాలు. తల్లిదండ్రులను పిలిపించుకునే కుటుంబాలకు ఇన్సూరెన్సు గురించి చెప్పేటప్పుడే బిల్లుల సంగతీ చెప్పండి. ఇలాంటి ఫోన్ వచ్చినవాళ్ళు పేరు బయటపడుతుందన్న జంకు లేకుండా మాట్లాడటానికి ఇద్దరు వాలంటీర్లు కావాలి, ఒకరు ఆడ, ఒకరు మగ. ఒకరిగా నా పేరు రాసుకోండి.