ఆలస్యం అమృతమే

ముసలితనం ఎందుకొస్తుందో కణాల్లో, జన్యువుల్లో వెతుకుతూ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు, ఫెలోషిప్ నెలల తరబడి రావడం లేదని గోల పెడుతున్నారు. చదువుకున్నవాళ్లే ఇలా మాట్లాడితే ఎలా? తమ మీద ఎంత గొప్ప ప్రయోగం జరుగుతోందో వాళ్లకే తెలియకపోవడం విచారకరం.

తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని 1935లోనే కార్నెల్ యూనివర్సిటీలో క్లైవ్ మెక్కే చూపించాడు. ఈ పిల్లలకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ని (జేఆర్‌ఎఫ్) 2023లో నెలకు 37,000 రూపాయలకు పెంచి, దాన్ని చేతికందకుండా ఆపడం వెనకున్న శాస్త్రం ఇదే. కాకపోతే మెక్కే తన ఎలుకలకు విటమిన్లు, ఖనిజాలు తక్కువ కాకుండా చూసుకున్నాడు. మన దగ్గర ఆ బాధ్యతంతా మెస్ సాంబారుదే.

నమ్మకం కుదరకపోతే సీ. ఎలిగాన్స్ అనే పురుగుని చూడండి. మిల్లీమీటరు పొడవుంటుంది, రెండు మూడు వారాలు బతుకుతుంది. తిండి కరువై, చుట్టూ కిక్కిరిసిపోతే మాత్రం పిల్లపురుగు 'డావర్' అనే దశలోకి పోతుంది. తినదు, ఎదగదు, పిల్లల్ని కనదు, నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇద్దరుండాల్సిన హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుంటూ, ఇంట్లో పెళ్లి ఊసెత్తితే "థీసిస్ అయ్యాకే" అనే ముప్పై ఏళ్ల స్కాలర్‌ని చూశాక కూడా మీకేమీ తట్టకపోతే నేనేం చెప్పను? ఈ దశతో ముడిపడిన డాఫ్-2 అనే ఒక్క జన్యువు మందగిస్తే చాలు, పురుగు ఆయుష్షు రెట్టింపవుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం తేల్చింది. మన ఆఫీసులు మందగించడానికి జన్యువుతో పని కూడా లేదు.

పురుగు బతికుందో లేదో తెలియాలంటే సన్నటి ప్లాటినం తీగతో మెల్లగా తడతారు. కదిలితే ఉన్నట్టు. కదలకపోతే చచ్చినట్టు రాసుకుంటారు. ఆదివారం పూట కూడా మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఈ లెక్కలు రాసే స్కాలర్‌ని వెనక నుంచి గైడు "డేటా ఏదయ్యా?" అని తట్టేదీ అందుకే.

ప్రయోగంలో ఒకే ఒక్క లోపం, కంట్రోల్ గ్రూపు. నెలనెలా డబ్బు అందుకున్నవాళ్లు పోల్చడానికి సరిపడా దొరకడం లేదు.

ఇక అనుమతుల మాట. ఎలుకల మీద ప్రయోగమంటే నైతిక సంఘానికి దరఖాస్తు పెట్టాలి, మేత ఎలా ఇస్తారో రాసివ్వాలి, వాళ్లు తనిఖీకి కూడా వస్తారు. స్కాలర్ల విషయంలో ఆ టెన్షన్ లేదు. అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి అడిగితే తలెత్తకుండానే చెప్తారు: "పైనుంచి రాలేదు బాబూ, వచ్చే నెల కనపడు."