పోటీదారుడి చేతిలో ప్రభుత్వ లాఠీ

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 2006 నుంచి కొంతమంది చిన్న వ్యాపారులకు ఉత్తరాలు రావడం మొదలైంది. పైన రాష్ట్ర దంతవైద్య బోర్డు లెటర్‌హెడ్. లోపల, మీరు లైసెన్సు లేకుండా దంతవైద్యం చేస్తున్నారు, అది నేరం, వెంటనే ఆపేయండి అన్న హెచ్చరిక. ఇవి అందుకున్నవాళ్లు పళ్లు పీకేవాళ్లు కాదు, రూట్ కెనాల్ చేసేవాళ్లూ కాదు. మాల్‌లో ఓ కియోస్క్‌లోనో, బ్యూటీ సెలూన్‌లో ఓ మూల కుర్చీ వేసుకునో పళ్లు తెల్లగా చేసిపెట్టేవాళ్లు, వాళ్లకు సరుకు అమ్మే కంపెనీలు. అలాంటి ఉత్తరాలు కనీసం 47 వెళ్లాయని తర్వాత తేలింది.

ఈ కియోస్క్‌లలో జరిగే పని పెద్దదేమీ కాదు. పెరాక్సైడ్ జెల్ ఉన్న ట్రేని కస్టమర్ చేతికిస్తారు. సాధారణంగా దాన్ని నోట్లో పెట్టుకునేది కస్టమరే. కాసేపు ఎల్‌ఈడీ లైటు ముందు కూర్చుని, డబ్బు కట్టి వెళ్లిపోతాడు. అదే రసాయనం పూసిన స్ట్రిప్‌లు అమెరికా మందుల షాపుల్లో ఎవరి చీటీ అక్కర్లేకుండా దొరుకుతాయి.

ఆ రాష్ట్రంలో పళ్లు తెల్లబరిచే పనిని 1990ల్లో మొదలుపెట్టింది దంతవైద్యులే. మంచి ఆదాయం వచ్చేది. 2003 నాటికి బయటివాళ్లు అంతకంటే చాలా తక్కువ ధరకు చేయడం మొదలెట్టారు. బోర్డుకు దంతవైద్యుల ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. అసలు సంగతి ఆ ఫిర్యాదుల్లోనే ఉంది. జనం చిగుళ్లు కాలాయనో, జబ్బు పడ్డారనో చెప్పినవి కొన్నే. ఎక్కువమంది గోలంతా ధర గురించే.

ఆ బోర్డులో ఎనిమిది మంది సభ్యులు. వాళ్లలో ఆరుగురు క్లినిక్ నడిపే దంతవైద్యులు, వాళ్లను ఎన్నుకునేది రాష్ట్రంలోని దంతవైద్యులే. ఇంకొకరు డెంటల్ హైజీనిస్ట్, అంటే పళ్లు శుభ్రం చేసే వృత్తివాళ్లు. జనం తరఫున ఒకే ఒక్కరు, గవర్నర్ నియమించిన మనిషి. వీధిలో కొత్త కొట్టు ఉండాలా వద్దా అన్నది పక్క కొట్టు యజమానులే కూర్చుని తేల్చినట్టు ఉంది ఈ ఏర్పాటు. లైసెన్సు లేనివాళ్ల మీద బోర్డు కోర్టుకు వెళ్లొచ్చు, ప్రాసిక్యూటర్‌కు చెప్పొచ్చు. అలా వెళ్తే, ఇది అసలు దంతవైద్యం కిందకు వస్తుందా అని జడ్జి అడుగుతాడు. ఉత్తరమైతే ఎవరూ ఏమీ అడగరు. పైగా బోర్డు అంతటితో ఆగలేదు. ఇలాంటివాళ్లకు చోటివ్వొద్దని మాల్ యజమానులకు రాసింది. సౌందర్య వృత్తుల బోర్డు చేత కూడా బ్యూటీషియన్లకు హెచ్చరిక పంపించింది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చూస్తే చిన్న వ్యాపారికి టెన్షన్ పుట్టడం సహజం. అనుకున్నట్టే చాలామంది దుకాణం కట్టేశారు.

వ్యాపారాల్లో పోటీని కాపాడే అమెరికా కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో బోర్డు మీద కేసు పెట్టింది. పోటీదారులు ఒక్కటై కొత్తవాళ్లను బజారు నుంచి తరిమేశారన్నది అభియోగం. మేం ప్రభుత్వ సంస్థ, గుత్తాధిపత్య నిరోధక చట్టం మాకు వర్తించదని బోర్డు వాదించింది. 2015 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. బోర్డును నడిపేది అదే వృత్తిలో సంపాదించుకునేవాళ్లయినప్పుడు, వాళ్ల పనిని ప్రభుత్వం నిజంగా పర్యవేక్షిస్తేనే ఆ రక్షణ దొరుకుతుందని జస్టిస్ కెనడీ రాసిన తీర్పు చెప్పింది.

పళ్లు ఎవరైనా తెల్లబరచవచ్చని సుప్రీంకోర్టు అనలేదు. అది దంతవైద్యమా కాదా అన్న ప్రశ్న జోలికే పోలేదు. రాష్ట్రం కావాలనుకుంటే చట్టం చేసుకోవచ్చు, ఆ బాధ్యత ప్రభుత్వమే తలకెత్తుకోవాలి అన్నది దాని సారం. విభేదించిన జస్టిస్ అలిటో, వైద్య, దంతవైద్య బోర్డులు మొదటి నుంచీ ఆ వృత్తివాళ్లతోనే నడుస్తున్నాయని, ఎంతమంది ఉంటే వాళ్ల పెత్తనం అనుకోవాలో గీత గీయడం కష్టమని అన్నారు. గీత కష్టమే. కానీ ఎనిమిదిలో ఆరుగురు ఉన్నచోట దాని కోసం వెతకనక్కర్లేదు.

అదే ఏడాది అమెరికాలోనే మరో రాష్ట్రం కనెక్టికట్ కేసులో ఇంకో కోర్టు వేరే దారి పట్టింది. అక్కడి నిబంధన ప్రకారం కస్టమర్ తన నోట్లోకి ఆ లైటు తానే వేసుకోవచ్చు, కియోస్క్ మనిషి వేస్తే మాత్రం తప్పు. నవ్వొచ్చినా నిబంధన నిలబడింది. ఒక వర్గానికి మేలు చేయడం కోసమే పెట్టినా చెల్లుతుందని ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. నాకు ఈ తీర్పు రుచించలేదు. ఇంగ్లండులోనైతే పళ్లు తెల్లబరచడం దంతవైద్యమేనని 2013లో హైకోర్టు స్పష్టంగా చెప్పింది. అక్కడి దంతవైద్య వృత్తిని నియంత్రించే జనరల్ డెంటల్ కౌన్సిల్, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పని చేసేవాళ్లను కోర్టుకు ఈడుస్తుంది. నియమం అమెరికా కంటే కఠినమే. అయినా ఆ కౌన్సిల్‌లో సగం మంది ఆ వృత్తికి చెందనివాళ్లు, నేరమా కాదా తేల్చేది మేజిస్ట్రేటు. కియోస్క్‌వాడు ఓడిపోయినా, ఓడించింది తన పోటీదారుడని అనుకోనక్కర్లేదు.

దంతవైద్యుల భయాలన్నీ డబ్బు కోసమే అనడమూ సరికాదు. పళ్లు సరిచేసే అలైనర్లను పోస్టులో పంపిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్‌ది లైసెన్సు లేని వ్యాపారమేమీ కాదు, దూరం నుంచి దంతవైద్యులు ఆమోదం తెలిపేవారు. రోగిని ఎదురుగా చూడకుండా ఇదేం వైద్యమని వృత్తివాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. 2023 డిసెంబరులో కంపెనీ మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను నడిరోడ్డున వదిలేసింది.

మన దగ్గర కథ తలకిందులు. 1948 డెంటిస్ట్స్ యాక్ట్ అప్పటికే చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న, డిగ్రీ లేనివాళ్లను రిజిస్టరులో పార్ట్-బి కింద చేర్చుకుని, తర్వాత వచ్చేవాళ్లకు తలుపు మూసింది. మూసిన తలుపుకు పెట్టిన గడియ, మొదటిసారి దొరికితే 500 రూపాయల వరకు జరిమానా. సంతల్లో, బస్టాండ్ల పక్కన కట్టుడు పళ్లు పెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారంటే ఆశ్చర్యమేముంది? ఇక్కడి ప్రమాదం జెల్ ట్రేతో పోల్చేది కాదు. మరగబెట్టని పటకారుతో హెపటైటిస్-బి ఒంట్లోకి రావచ్చు. అక్రిలిక్ ముద్దతో, తీగతో పక్క పళ్లకు అతికించిన కట్టుడు పన్ను మంచి పళ్లనూ పాడుచేస్తుంది.

అయినా నార్త్ కరోలినాలో కనిపించిన చురుకు ఇక్కడ లేదు. ఎందుకు? సంతలో పన్ను పీకించుకునే కూలి మనిషి ఎలాగూ హైదరాబాద్, విజయవాడ క్లినిక్‌ల కస్టమర్ కాదు. వృత్తి జేబుకు చిల్లు పడనంతకాలం వృత్తి మండలి కూడా మెల్లగానే కదులుతుందని నా అనుమానం. దంతవైద్య సంఘాలు నకిలీల మీద గళం విప్పుతూనే ఉన్నాయి, కాదనను. వాటి గొంతు గట్టిగా వినిపించేది మాత్రం పట్టణంలో బోర్డు పెట్టుకున్న నకిలీ మీదే.

2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. ఎన్నికైన దంతవైద్యులూ ఉండే పాత డెంటల్ కౌన్సిల్ బదులు ప్రభుత్వం ఎంపిక చేసే కమిషన్ అన్నమాట. నార్త్ కరోలినా జబ్బుకు అది కొంత మందే. సంత పక్కన కూర్చున్నవాడి సంగతి వేరు. మండలంలోని పీహెచ్‌సీలో డెంటల్ కుర్చీ, వారానికి ఒక్కరోజైనా దంతవైద్యుడు లేకుండా అతన్ని ఖాళీ చేయిస్తే, మరుసటి వారం ఇంకో ఊరి సంతలో గొడుగు వేసుకుంటాడు. పంటి నొప్పితో ఉన్న మనిషి అక్కడికే వెతుక్కుంటూ వెళ్తాడు.