పెట్టి పుట్టిన రొయ్యపిల్ల

గోదావరి జిల్లాల్లో ఆరోగ్య ప్రమాణాలు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలా అనేవారిని ముందుగా కాకినాడ పక్కన ఉప్పాడ తీరంలో రొయ్యపిల్లలను పుట్టించే ఏదైనా మంచి హేచరీకి తీసుకెళ్లాలి. సముద్రపు నీటిని తోడి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కలిపి, ఆ క్లోరిన్ ఘాటు పోయేదాకా ఆగి, చివరికి అతినీలలోహిత కిరణాల దీపం మీదుగా పారించాక గాని ఆ నీటిని వనామి జాతి రొయ్యపిల్లకు తగలనివ్వరు. లోపలికి అడుగుపెట్టేవాడు ఎంతటి ఆసామి అయినా గుమ్మం దగ్గర మందు నీళ్లలో కాళ్లు ముంచాల్సిందే. భీమవరం చెరువులకు బయలుదేరే ముందు ఆ పిల్లకు రోగక్రిముల జాడ పట్టే పీసీఆర్ పరీక్ష కూడా చేయిస్తారు. సెంటీమీటరు పొడవున్న ప్రాణికి ఇంత మర్యాద!

ఇక ఆ పిల్లను పెంచే రైతు ఆయాసంతో పట్నంలోని నర్సింగ్ హోములో చేరాడనుకోండి. ఆయనకు దొరికేది పక్క మంచం ఆయన వాడి వదిలేసిన గాలి. అది ఎటునుంచి వచ్చింది, ఎవరి ఊపిరితిత్తులు చూసి వచ్చింది, దారిలో ఏ పరీక్ష అయినా జరిగిందా అని అడిగే నాథుడు ఉండడు. ఇందులో అన్యాయమేమీ లేదు. రొయ్యకు కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి ధర ఉంది. రోగికి కౌంటు కట్టే పద్ధతి ఇంకా రాలేదు.

నీళ్ల విషయంలో మాత్రం మనం మనుషులను కూడా రొయ్యలతో సమానంగానే చూసుకుంటున్నాం. కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా సందు చివర ఒక మినరల్ వాటర్ ప్లాంటు, అందులో గొట్టం లోపల ఒక యూవీ దీపం, అంటే అదే అతినీలలోహిత దీపం ఉంటాయి. మనిషి రోజుకు తాగే రెండు మూడు లీటర్ల కోసం ఇంత ఏర్పాటు. అదే మనిషి రోజుకు పీల్చే గాలి 10,000 లీటర్లకు పైమాటే. అయితే గాలిని ఇరవై లీటర్ల డబ్బాలో పోసి ఆటోలో వేయలేం కదా. డబ్బాలో పట్టని సరుకును శుద్ధి చేయడం వ్యాపార ధర్మానికి విరుద్ధం.

ఈ ప్రశాంత వాతావరణంలో కొందరు చదువుకున్నవాళ్లు వచ్చి, ఆసుపత్రి ఏసీ డక్టుల్లో, అంటే చల్లగాలి పారే రేకు గొట్టాల్లో యూవీ దీపాలు పెట్టాలని వాదిస్తున్నారు. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణం సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుందట. ఆ తర్వాత అది చచ్చినా చావకపోయినా సంతానాన్ని మాత్రం పెంచలేదట. ఇది కొత్త సంగతి కూడా కాదట. ఎండకు బ్యాక్టీరియా నశిస్తుందని 1877లోనే డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఆంగ్లేయులు నిరూపించారు. చర్మానికి వచ్చే క్షయను కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. నూటపాతికేళ్లు దాటిన విషయాన్ని ఇంత హడావిడిగా అమలు చేయమనడం ఏం సబబు?

వాళ్లు చూపే అసలు సాక్ష్యం ఇంకా విచిత్రమైనది. 1950ల చివర్లో రిచర్డ్ రైలీ అనే వైద్యుడు బాల్టిమోర్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీపందులున్న గదులకు పంపాడు. ఒక గదికి వెళ్లే గొట్టంలో మాత్రం యూవీ దీపాలు పెట్టాడు. వార్డు గాలిని నేరుగా పీల్చినవాటికి ఒకదాని తర్వాత ఒకటిగా టీబీ అంటుకుంది. దీపాల మీదుగా వచ్చిన గాలి పీల్చినవి క్షేమంగా ఉన్నాయి. క్షయ గాలి ద్వారానే సోకుతుందని తేల్చిన ప్రయోగం ఇది. నా అభ్యంతరం ఒక్కటే. అవి అమెరికా గినీపందులు, మన వార్డుల్లో ఉన్నది మనుషులు. గినీపందికి చేసిన ఉపకారాన్ని మనిషికి కూడా చేయాలనడానికి ఏ చట్టంలో ఆధారం ఉంది?

డెల్టా వాతావరణాన్ని బాగా ఎరిగినవాడిగా మరో విషయం కూడా చెప్పాలి. ఉతికిన తువ్వాలు మూడు రోజులైనా ఆరని ముసురు రోజులు మనవి. అలాంటి చోట ఏసీ యంత్రంలో గాలిని చల్లబరిచే కాయిల్ సంవత్సరమంతా చెమటలు కక్కుతూనే ఉంటుంది. చీకటి, తడి, దుమ్ము మూడూ ఒకే చోట దొరికితే బూజు వదులుకుంటుందా? కాయిల్ రేకుల మధ్య పట్టిన జిగురును చెంచాతో గీకి తీయవచ్చు. ఆ జిగురు మీదుగా వీచిన చల్లగాలిని పీల్చడానికి మనం నాన్ ఏసీ గది కన్నా ఎక్కువ అద్దె కడతాం. యూవీ దీపానికి అన్నిటికన్నా సులువైన పని దొరికేది ఇక్కడే. గాలి సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో దూసుకుపోతుంది కాబట్టి దానిలోని క్రిమిని పట్టుకోవాలంటే గట్టి దీపాలు కావాలి. కాయిల్ ఎక్కడికీ పారిపోదు, చిన్న దీపమైనా ఇరవైనాలుగు గంటలూ దానివైపే చూస్తూ కూర్చుంటే చాలు. కెనడాలోని మాంట్రియల్‌లో ఆఫీసు భవనాల కాయిళ్ల మీద ఇలాగే దీపాలు వెలిగించి చూశారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. కిరణాలు పడిన చోట సూక్ష్మజీవులు 99 శాతం తగ్గాయి, ఆఫీసులో ఉద్యోగులకు వచ్చే ముక్కు, గొంతు బాధల్లాంటి ఇబ్బందులు మొత్తం మీద సుమారు ఐదో వంతు తగ్గాయి. చూశారా, ఎంత ప్రమాదమో! జలుబు తగ్గితే మందుల షాపు ఎలా నడుస్తుంది?

అయితే మన పట్టణాల్లో చిన్న ఆసుపత్రులు ఈ ప్రమాదం నుంచి ముందుగానే జాగ్రత్త పడ్డాయి. అక్కడ డక్టులే లేవు. గోడకు ఒక స్ప్లిట్ ఏసీ, దోమలు రాకుండా బిగించిన కిటికీలు, అంతే. ఆ ఏసీ బయటి గాలిని చుక్క కూడా లోపలికి తీసుకోదు. ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరిచి పంచుతుంది. అంటురోగులను విడిగా ఉంచడానికి కొత్తగా కట్టే ఐసోలేషన్ గదుల్లో గంటకు 12 సార్లు గాలి మారాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మన గదుల్లోనూ మారుతుంది. పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఒకసారి, కాఫీ ఫ్లాస్కు వచ్చినప్పుడు ఇంకోసారి. పరామర్శకు వచ్చిన చుట్టాలు పూతరేకుల పెట్టెతో, కొబ్బరి బొండాలతో గదిలోకి అడుగుపెట్టినప్పుడు మాత్రం మారదు. ఎందుకంటే తలుపు తీసిన మరుక్షణం, "చల్లదనం పోతోంది, తలుపు వేయండి బావగారూ" అంటూ లోపలి నుంచి కేక వినిపిస్తుంది. తర్వాత బావగారు గంటసేపు దగ్గుతూ ధైర్యం చెబుతారు.

ఇలాంటి గదులకు కూడా ఉపాయం ఉందని ఆ చదువుకున్నవాళ్లే అంటున్నారు. గోడకు ఏడడుగుల పైన, కాంతి కిందికి పడకుండా అడ్డు రేకులున్న యూవీ దీపం పెట్టి, సీలింగ్ ఫ్యాన్ తిప్పితే గదిలోని గాలి పైకి వెళ్లి కిరణాలు తగిలి దిగి వస్తుందట. కిటికీ తెరిస్తే ఇంకా మంచిదట, పైగా ఉచితమట. ఆ చివరి మాటతోనే వాళ్ల పరువు పోయింది. ఉచితంగా వచ్చేదాన్ని ఆసుపత్రిలో ఎవరు నమ్ముతారు?

ఇంతలో మార్కెట్ మేలుకుంది. అరచేతిలో పట్టే పెట్టెలో నీలం బల్బు పెట్టి, 99.9 శాతం క్రిములు ఖతం అని అట్టముక్క అంటించి అమ్ముతున్నారు. నీలంగా కనిపించేదంతా యూవీ కాదు, అసలు యూవీ కంటికి కనిపించదు. నిజమైన 254 నానోమీటర్ల దీపాన్ని సూటిగా చూస్తే కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది, చర్మం కందుతుంది. అందుకే దాన్ని యంత్రం లోపల దాస్తారు. మన అభివృద్ధికి అసలు ఆటంకం ఇదే. లోపల దాచిన దీపాన్ని ఎమ్మెల్యేగారు ఎలా ప్రారంభిస్తారు? డక్టు బయట రిబ్బను కట్టి, లోపల దీపం ఉన్నట్టు అందరూ నమ్మి చప్పట్లు కొట్టాలి. ఫోటోలో రేకు తప్ప ఏమీ పడదు. రిసెప్షన్‌లో ఉన్న చేపల తొట్టె అయితే ఎంత కళగా ఉంటుంది!

నేను కఠినుడిని కాదు. ఎవరైనా పట్టుబట్టి దీపాలు పెట్టిస్తే అడ్డుపడను. ఎందుకంటే మన నిర్వహణ మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఆ దీపం ఆయువు రమారమి 9,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఆపకుండా వెలిగిస్తే ఏడాదికోసారి మార్చాలి, మధ్యలో దుమ్ము తుడవాలి. మార్చకపోయినా యూవీతో పాటు దీపంలోంచి వచ్చే నీలం వెలుగు అలాగే ఉంటుంది, క్రిములను చంపే శక్తి మాత్రం క్రమంగా సన్నగిల్లుతుంది. రెండో ఏడాది మీరు వెళ్లి మేనేజరుగారిని, "దీపం ఎప్పుడు మార్చారండీ?" అని అడిగి చూడండి. ఆయన యంత్రం సందులోంచి వచ్చే నీలం గీతను చూపించి, "నిక్షేపంలా వెలుగుతోంది కదండీ, మార్చడమెందుకు?" అంటారు. క్రిములూ అదే మాట అంటాయి. డిశ్చార్జి బిల్లులో మాత్రం 'కిరణశుద్ధి గాలి, రోజుకు ఇంత' అన్న పద్దు ఏ ఏటికా ఏడు పెరుగుతూనే ఉంటుంది.