తేదీ తెలిస్తే ఇక మీ ఆర్కైవ్ ఎందుకండీ?

పాత పేపర్లన్నీ డిజిటైజ్ చేసేశామని ఎవరైనా గొప్పగా చెప్పినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే. పేరు కొడితే దొరుకుతుందా? వచ్చే జవాబు కూడా ఒక్కటే: "పత్రిక పేరు, సంవత్సరం, నెల, తేదీ ఎంచుకోండి, పేజీ వస్తుంది." ఆ తేదీయే తెలిస్తే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాం స్వామీ?

మన ఇళ్లలో తేదీలు గుర్తుపెట్టుకున్నదెవరు? మా నాయనమ్మ చెప్పిన చరిత్ర ఇదీ: "మీ ముత్తాతగారి తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్లింది ప్రమోదూతలో, ఉప్పు గొడవప్పుడు. ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు." ప్రమోదూత అంటే 1930 ఉగాది నుంచి. ఆవకాయ అన్నది కాబట్టి ఏప్రిల్ చివరో, మే నెలో. ఇంతవరకు బానే ఉంది. ఇక ఆ రోజుల్లో వచ్చిన దినపత్రిక ప్రతి సంచికా తెరిచి, అరెస్టయినవాళ్ల జాబితాలు చీమతలకాయంత అక్షరాల్లో చదువుకుంటూ పోవాలి. కళ్లు పోతాయి. మన మనిషి కనపడకపోతే పేపర్లో పడలేదో, మనమే దాటేసి వచ్చామో తేల్చేదెవరు?

అందుకే నా గోల. స్కాన్ చేయడం సగం పనే. ఆ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ వెతకగలిగే పాఠంగా మార్చి, తప్పులతో సహా జనంలో పెట్టేదాకా మిగతా సగం మిగిలే ఉన్నట్టు.

తెలుగుకి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్, రాదన్న సాకు ఇప్పుడు చెల్లదు. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ఉచితంగా దొరుకుతోంది, తెలుగు చదువుతుంది. గూగుల్ ఓసీఆర్ సాయంతో తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాలు అక్షరాల్లోకి మారుతున్నాయి. పేపర్ల దగ్గర కష్టం ఉందని ఒప్పుకుంటాను. సీసపు అచ్చు అరిగిపోయి ఉంటుంది, కాగితం పండుటాకులా పసుపెక్కి ఉంటుంది, బైండింగు వైపు అక్షరాలు మడతలోకి పోతాయి. వీటన్నిటికీ తోడు ఫైలు చిన్నదవుతుందని గ్రే షేడ్ తీసేసి, ఉత్త తెలుపు నలుపుల్లో స్కాన్ చేసిన మహానుభావులున్నారు. ద కింద ఆ చిన్న గీత ఎగిరిపోతుంది, ధర్మారావు దర్మారావు అవుతాడు. మసకబారిన చోట రామయ్య కాస్తా రామమ్మ అవుతాడు. వత్తులు పక్క వరసలోకి జారిపోతాయి.

అచ్చు సరిగ్గానే ఉన్నా ఇంకో చిక్కుంది, అది మన రాతదే. ఆనాటి పేపర్లో మనిషి పేరు విడిగా నిలబడదు. "వేంకటసుబ్బయ్యగారికిని" అని ఒకే ముద్దగా పడుతుంది. మీరు "వెంకట సుబ్బయ్య" అని వెతికితే అది ఎందుకు దొరుకుతుంది? ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం, చాలాచోట్ల ఫలానావారి భార్య అని రాసి ఊరుకున్నారు. కాబట్టి వెతికే పెట్టె కూడా మన భాషకు తగ్గట్టు ఉండాలి. హ్రస్వం దీర్ఘం తేడా వచ్చినా, విభక్తి అతుక్కున్నా, ఖాళీ ఉన్నా లేకపోయినా పట్టుకోవాలి. ఇదేం రాకెట్ సైన్సు కాదు, కూర్చుని చేసేవాళ్లు కావాలంతే.

తెలంగాణ వాళ్ల కష్టం ఇంకో రకం. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక పెట్టారు గానీ నిజాం రాజ్యంలో సర్కారు వ్యవహారం ఉర్దూది. ఆనాటి ఉర్దూ పేపర్లు కాతిబులనే రాతగాళ్లు చేత్తో రాస్తే రాతి మీద అచ్చేసినవి. యంత్రం సంగతి సరే, తాత పేరు అందులో ఉన్నా మనవడికి ఆ లిపే రాదు.

"ఇన్ని తప్పులతో ఎలా పెడతామండీ, భాషకు అవమానం కదా" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. భాష మీద ఆయనకున్న ప్రేమకు దండం. కానీ ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్లు ఏం చేశారో చూడండి. 2008 నుంచి పాత పేపర్లను తప్పులతోనే పెట్టేశారు. ఒక పక్క యంత్రం చదివిన పాఠం, రెండో పక్క అసలు పేజీ. తప్పు కనపడితే చదివేవాళ్లే దిద్దుతారు. తమ వంశం కోసం వెతుక్కునే మామూలు జనం, రిటైరైనవాళ్లు కూర్చుని లైను తర్వాత లైను దిద్దుతున్నారు. సింగపూర్ వాళ్లు కూడా పాత ఇంగ్లిష్ పేపర్లను పేరు కొట్టి వెతికేలా పెట్టారు. మలయా రబ్బరు తోటలకు వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు తోట పేరు కొట్టి అక్కడ వెతుక్కోవచ్చు. ఇక్కడ ఉండిపోయిన అన్నదమ్ముల సంతానానికి ఆ పాటి వీలు లేదు. మనకి రిటైరైనవాళ్లు తక్కువా? తెలుగులో తప్పులు పట్టేవాళ్లు తక్కువా? ఫేస్‌బుక్‌లో నా పోస్టుల కింద చూస్తూనే ఉన్నాను కదా!

ఈమధ్య కొందరు ఏఐ మోడల్‌కి పేజీ ఇచ్చేస్తే చాలంటున్నారు. బాగానే చదువుతుంది, నేనూ వాడుతున్నాను. కానీ జాగ్రత్త. పాత ఓసీఆర్ తప్పు చదివితే చెత్త కనపడుతుంది, మనం అనుమానిస్తాం. ఏఐ మాత్రం తనకు తెలియని ఇంటిపేరు తగిలితే దాని స్థానంలో తెలిసిన ఇంటిపేరు నున్నగా రాసిపెట్టగలదు. అనుమానమే రాదు, ఎవరి ముత్తాతో మన ముత్తాత అయిపోతాడు. అసలు పేజీ పక్కన లేని పాఠాన్ని ఎవరు ఇచ్చినా నమ్మకండి.

కాపీరైట్ అంటారా, రాసినవారి పేరు లేని వార్తకు అచ్చయిన 60 ఏళ్ల దాకానే. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక తొలి సంచికల్లోని అలాంటి వార్తలకు ఇప్పుడు అడ్డేమీ లేదు.

డిజిటైజేషన్ టెండర్లు రాసే ఆఫీసర్లు ఈ పోస్టు చూస్తే మూడు మాటలు చేర్చండి చాలు: స్కాన్ గ్రేలో ఉండాలి, ప్రతి పేజీకి పాఠం ఫైలు ఇవ్వాలి, ఆ ఫైలు జనం దించుకునేలా ఉండాలి. ఇంట్లో అటక మీద పాత బైండులున్నవాళ్లు కిలోల లెక్కన అమ్మేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. దిద్దడానికి రోజూ అరగంట ఇవ్వగలిగినవాళ్లు కింద చేయెత్తండి.