భోపాల్ నేలలో మిగిలిన విషం

2025 జనవరి 1 రాత్రి పన్నెండు కంటైనర్ లారీలు పోలీసు కాపలాతో భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఆవరణ నుంచి బయలుదేరి, దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోని పారిశ్రామిక పట్టణం పీథంపూర్ చేరాయి. వాటిలో తీసుకెళ్లిన 337 టన్నుల వ్యర్థాలను జూన్ నెలాఖరుకల్లా కాల్చివేశారు. నలభై ఏళ్ల పీడ వదిలిందని చాలామంది అనుకున్నారు. అలా అనుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

ఆ నేల పాడవడం మొదలైంది విషవాయువు లీకైన 1984 డిసెంబరులో కాదు. 1969లో ఆ పురుగుమందుల కర్మాగారం పని ప్రారంభించిన నాటి నుంచీ, తయారీలో మిగిలిన మడ్డినీ పనికిరాని సరుకునూ ఆవరణలోనే గుంతలు తీసి పారబోశారు. ద్రవ వ్యర్థాలు ఎండకు ఆవిరైపోవాలని 1977లో ఫ్యాక్టరీకి ఉత్తరాన కుంటలు తవ్వి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచారు. ఆ కుంటలు కారిపోతున్నాయని 1982లోనే కంపెనీ లోపలి టెలెక్స్ సందేశాల్లో రాసుకున్నారు. అంటే వేల ప్రాణాలు తీసిన ఆ రాత్రికి రెండేళ్ల ముందే విషం నేలలోకి దిగుతోంది, ఆ సంగతి తెలియవలసిన వారికి తెలుసు.

గ్యాస్ గాలికి చెదిరిపోతుంది. క్లోరిన్ కలిసిన రసాయనాల తీరు వేరు. అవి నీటిలో త్వరగా కరగవు, మట్టిని పట్టుకుని ఉంటాయి, ప్రతి వానాకాలం కొద్దికొద్దిగా కిందికి జారి చివరకు భూగర్భ జలాల్లో చేరతాయి. 1999లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ పరీక్షించినప్పుడు అక్కడి మట్టిలో పాదరసం, బోర్ల నీటిలో క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ బయటపడ్డాయి. మన పల్లెల్లో ఒకప్పుడు చీమలకు చల్లిన గమాక్సిన్ పొడి జాతి రసాయనాలు కూడా ఆ మట్టిలో ఉన్నాయి. చుట్టుపక్కల బస్తీలకు మంచినీరు అందించాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించే దాకా ఎన్నో కుటుంబాలు ఆ చేతి పంపుల నీళ్లే తాగాయి.

గ్యాస్ లీకు, నేలా నీరూ విషమవడం అనే ఈ రెండు విషాదాలనూ ఒకే పేరుతో పిలవడం వల్ల రెండోదానికి తీరని అన్యాయం జరిగింది. 1989లో కుదిరిన 47 కోట్ల డాలర్ల ఒప్పందం గ్యాస్ బాధితుల కోసం. ఆ తర్వాత అక్కడ కాపురం పెట్టి, కలుషిత నీరు తాగి జబ్బుపడ్డవారు ఆ లెక్కలోకి రానే రారు. 1998లో స్థలం మధ్యప్రదేశ్ ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చింది. 2001లో యూనియన్ కార్బైడ్‌ను కొనుక్కున్న డౌ కెమికల్, పాత బాధ్యత తనది కాదంటూ వస్తోంది. శుభ్రం చేయవలసింది ఎవరన్న ప్రశ్న కోర్టుల్లో నలుగుతుండగానే ఒక తరం పెరిగి పెద్దదైంది.

ఇక పరిమాణం సంగతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి), మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)తో కలిసి చేసిన అధ్యయనం 2010లో వేసిన అంచనా ప్రకారం, శుద్ధి చేయవలసిన మట్టి దాదాపు 11 లక్షల టన్నులు. కాల్చిన 337 టన్నులు అందులో మూడు వేలవ వంతుకు కూడా రావు. పైగా అవి 2005లోనే పోగుచేసి గోదాములో పెట్టిన వ్యర్థాలు, అంటే అన్నిటికన్నా తేలికగా చేతికందినవి.

ఇప్పుడు ఆ కుంటల చుట్టూ నీటిని ఏటా పరీక్షించి ఫలితాలు ప్రజల ముందుంచాలి. మట్టిని ఎంత లోతు దాకా, ఏ క్రమంలో శుద్ధి చేస్తారో గడువులతో సహా చెప్పాలి. అందుకయ్యే ఖర్చును కంపెనీ వారసుల నుంచి రాబట్టే ప్రయత్నాన్ని కేంద్రం విడిచిపెట్టకూడదు.