తాళం వేసిన వంటిల్లు

పసిపిల్లల చదువుకు పట్టిన అసలు జబ్బు వాళ్ల చేతులే. పెన్సిల్ పట్టుకోవడానికి ఒకటి, నోటి మీద వేలు పెట్టుకోవడానికి ఇంకొకటి చాలు. అంతకు మించి వాడితే క్రమశిక్షణ చర్య తీసుకోవాల్సిందే.

ఈ సంగతి బాగా ఎరిగిన ఓ ప్రైవేటు బడి మన విశాఖలో ఉంది. గేటు మీద ‘హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్’, అంటే చేతులతో చేసి నేర్చుకునే చదువు, అని ఆర్భాటంగా రాయించారు. లోపల ఓ గదిలో ఆటల వంటింటి మూల, చెక్క దిమ్మల మూల, ఇసుక తొట్టి, బొమ్మల పుస్తకాలు, తలుపుకి తాళం. అడ్మిషన్ల సీజన్‌లో తీస్తారు, ఫొటోలయ్యాక వేసేస్తారు. ఏటికొప్పాక లక్కపిడతలైతే గాజు బీరువాలో ఉన్నాయి. అంకుడు కర్రని చెక్కి, లక్కలో గింజల రంగూ బెరడు రంగూ కలిపి పట్టించి, పిల్లలు ఆడుకోవాలనే చేసిన సరుకది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పరువుగల వస్తువుని యూకేజీ వాడి చేతిలో పెట్టేస్తామా?

ఈ గొడవంతా జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో మొదలెట్టాడు. చెక్క ఘనాన్ని ఎనిమిది ముక్కలు చేసి పిల్లల ముందు పెట్టాడు. విడదీసి, మళ్లీ పేర్చుకుంటే సగం, పావు వాళ్లకే తెలిసిపోతాయట. వర్క్‌బుక్ అమ్ముడుపోకుండా వచ్చే లెక్కలు ఎవరికి లాభం? అక్కడి ప్రష్యా రాజ్యం ప్రభుత్వం మేలుకుని 1851లో ఆయన మొదలెట్టిన ఆటల బడులని, అదే కిండర్‌గార్టెన్లని, నిషేధించింది. పాపం, ఆ నిషేధాన్ని తొమ్మిదేళ్లకే ఎత్తేయాల్సొచ్చింది. మనవాళ్లు అలాంటి మోటు పనులు చెయ్యరు. బోర్డు కట్టి తాళం వేస్తారు.

ఇసుక తొట్టి గురించి కాస్త చెప్పాలి. పొడుగు గ్లాసులో ఇసుకని వెడల్పు గిన్నెలో పోస్తే తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. తగ్గలేదని పిల్లాడు పోసీ పోసీ తెలుసుకోవాలి. ఇది తీరిక ఉన్నవాళ్ల పని. ఆర్కే బీచ్ పక్కనే పెట్టుకుని రంగు ఇసుక ఆన్‌లైన్‌లో తెప్పించిన యాజమాన్యం ముందుచూపు నాకు మాత్రం నచ్చింది. సీలు తియ్యని ఇసుక ఎక్కడా ఒలకదు కదా.

ఒక్క బడినే మెచ్చుకోవడం అన్యాయం, తల్లిదండ్రుల సాయమూ ఉంది. ఏ టీచరమ్మో మనసాగక ఓ పూట ఆ గది తీసిందనుకోండి, మర్నాడే ఫోను: “ఏటండీ మేడమ్, మావాడు నిన్నంతా ఇసుకలో ఆడాడంట! ఎక్కాలెప్పుడు మొదలెడతారు?” మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటలతోనే సాగాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. అనొచ్చు. దానికి పక్కింటివాళ్ల పాప మార్కులు తెలీవు.

అలాగని చేతిపని పూర్తిగా పోయిందని బెంగక్కర్లేదు. ప్రాజెక్టు వర్కు ఇంటికి పంపిస్తున్నారు. పిల్లాడు పడుకున్నాక థర్మాకోల్ కోసి, గమ్ము పూసి, గ్రహాలకి రంగులేసేది తండ్రే. మాకు తెలిసిన ఒకాయన కత్తెర పట్టే తీరు ఎల్కేజీతో పోలిస్తే యూకేజీలో చాలా మెరుగుపడిందని వాళ్లావిడే ఒప్పుకుంటోంది.